అడ్డంగా పుట్టిన ఇంజన్

అత్తగారి కారు ఇంజన్ పోయిన రోజున ఇంట్లో లోలోపల సంతోషించినవాడు ఆవిడ కొడుకు ఒక్కడే. పైకి మాత్రం మొహం చిన్నబుచ్చుకుని, "అయ్యో, ఎంత పని జరిగింది!" అన్నాడు. కోడలు గరాజ్ నేల మీద వెల్లకిలా పడుకుని, కారు కిందికి జరిగి టార్చి వేసి చూసింది. ఇంజన్ దిమ్మె పక్కన పిడికిలి పట్టేంత కన్నం. అందులోంచి విరిగిన రాడ్డు ముక్క మోచేయి పొడిచినట్టు బయటికి వచ్చింది. నూనె మొత్తం నేలపాలయింది.

"బతుకుతుందా?" పైనుంచి అత్తగారు అడిగింది.

"లేదత్తయ్యా. దిమ్మె పగిలిపోయింది."

"సరే. చాలా ఏళ్లు చాకిరీ చేసింది, దాన్ని అనడానికేం లేదు. దించేద్దాం."

అంతే. ఒక కన్నీటి బొట్టు లేదు, ఒక నిట్టూర్పు లేదు. ఆవిడ తీరే అంత. జపాన్ నుంచి వచ్చిన ఆ నాలుగు తలుపుల చిన్న కారును పడుచుదనంలో కొనుక్కుంది. వెనక చక్రాలకు శక్తి వెళ్లే రకం అది. ఊరి పక్కనున్న కొండ మీదికి ఏటా జరిగే కార్ల పోటీలో దానితోనే పాల్గొనేది. ఒక్కో కారునీ విడిగా వదులుతారు. ఎవరు తక్కువ సమయంలో పైకి చేరితే వాళ్లు గెలిచినట్టు. ఆవిడ చాలాసార్లు గెలిచింది. మామగారు మంచాన పడ్డాక పోటీకి వెళ్లడం మానేసింది. ఆయన పోయాక, తన ఎడమ మోకాలికి ఆపరేషన్ కూడా అయ్యాక, మళ్లీ కొండెక్కుతానని ప్రకటించి కారు బయటికి తీసింది. రెండో రోజు సాధనలోనే ఇంజన్ చేతులెత్తేసింది.

కొడుక్కి మందుల షాపుంది. రోజంతా జబ్బు మనుషులనే చూసి చూసి, ప్రతి పనిలోనూ ప్రమాదమే కనిపించే స్థితికి వచ్చాడు. కోడలిది ఇంటి వెనక షెడ్డులో లేత్ షాపు. పంపుల షాఫ్టులు, బుష్షులు, విరిగిన మిషన్లకు విడిభాగాలు చేస్తుంది. పెళ్లిచూపుల్లో అత్తగారు ఆ పిల్ల చేతుల మీద నూనె మరకలు చూసి, "ఈ పిల్ల మా ఇంటికి రావలసిందే" అని అక్కడికక్కడే తేల్చేసిందని చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంజన్ పోయిన సంగతి కొండ పోటీ క్లబ్బు అధ్యక్షుడి చెవిన పడింది. ఎవరి నోటి నుంచి పడిందో అడగక్కర్లేదు. ఆయన ఇస్త్రీ నలగని చొక్కాతో, చేతిలో పూలగుత్తితో దిగాడు. ఒకప్పుడు పోటీల్లో అత్తగారి వెనకాల రెండో స్థానంలో వచ్చి వచ్చి, ఆవిడ మానేశాక మొదటి స్థానం చూసినవాడు.

"క్లబ్బు హాల్లో వేదిక కట్టిస్తామండీ," అన్నాడు. "దాని మీద మీ కారు. చుట్టూ తాడు, పైన లైట్లు, పక్కన మీ నిలువెత్తు ఫొటో. ఇంజన్ లేకపోయినా నష్టం లేదు, బానెట్ మూసే ఉంటుంది కదా."

"తాడు లోపల నేను కూడా కూర్చోవాలా, ఫొటో సరిపోతుందా?" అంది అత్తగారు.

ఆయన నవ్వాలో వద్దో తెలియక కొడుకు మొహం చూశాడు. కొడుకు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఆయన ఎంతో గౌరవంగా అడుగుతున్నారు."

"నేనూ గౌరవంగానే చెబుతున్నాను. కుదరదు."

"ఇంజన్ లేని కారుతో ఏం చేసుకుంటారమ్మా?" అన్నాడు అధ్యక్షుడు.

"ఇంజన్ పెట్టుకుంటాను."

"ఆ ఇంజన్ ఇప్పుడు ఎక్కడా దొరకదు."

"అదే పెడతానని ఎవరన్నారు?"

అధ్యక్షుడు టీ సగంలో వదిలేసి లేచాడు. గుమ్మం దాటాక కొడుకుతో గుసగుసగా, "కాస్త నచ్చజెప్పండి, ఈ వయసులో..." అనడం కోడలికి వినిపించింది. అత్తగారికీ వినిపించింది. ఆవిడ పూలగుత్తి తీసుకెళ్లి నీళ్ల బకెట్లో గుచ్చి వచ్చి, "నీ షెడ్డులో పని ఎక్కువుందా అమ్మాయ్?" అని అడిగింది.

"ఉన్నా ఆపుతానత్తయ్యా."

*

పాత కార్ల యార్డు నడిపే పెద్దమనిషిని అందరూ తుప్పు బాబాయి అంటారు. ఆయన గడ్డం కూడా తుప్పు రంగులోనే ఉంటుంది. జపాన్ ఇంజన్లంటే ఆయనకు పంచప్రాణాలు. షెడ్డులో ఇనుప బల్లల మీద వాటిని వరసగా పేర్చి, టార్పాలిన్లు కప్పి ఉంచుతాడు. అత్తగారిని చూడగానే మొదటి టార్పాలిన్ లాగేశాడు.

"ఇదీ మీ స్థాయికి తగ్గది. టొయోటా, వరసగా ఆరు సిలిండర్లు. పోత ఇనుప దిమ్మె. దీన్ని ఎంత కొట్టినా కిమ్మనదు."

అత్తగారి కళ్లు మెరిశాయి. పొడుగాటి ఇంజన్ మీద చెయ్యి వేసి, గుర్రాన్ని నిమిరినట్టు నిమిరింది. "ఇది పెట్టుకుని వెళితే ఆ అధ్యక్షుడి మొహం ఎలా ఉంటుందో చూడాలని ఉంది."

కోడలు మాత్రం టేపు తీసి పొడవు కొలిచింది. తల అడ్డంగా ఊపింది.

"మన కారు ముక్కులో పట్టదత్తయ్యా. పట్టించినా బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది. మీరు స్టీరింగ్ తిప్పుతారు, కారు మాత్రం తిన్నగా లోయలోకి పోతానంటుంది."

"అంత మాటన్నావేంటే!" అన్నాడు తుప్పు బాబాయి, తన కూతురిని ఎవరో కాదన్నట్టు నొచ్చుకుంటూ. ఇంకో టార్పాలిన్ తీశాడు. "అయితే ఇదిగో, మాజ్దా రోటరీ. పిస్టన్లే ఉండవు. మూడు మూలల చక్రం లోపల గిరగిరా తిరుగుతుంది. బుట్టలో పట్టేంత ఉంటుంది, అంత తేలిక."

"పాడుతుంది బాగా," అంది అత్తగారు. "కానీ గొంతెత్తితే తప్ప పని చెయ్యదు. నెమ్మదిగా తిరిగేటప్పుడు లాగుడు తక్కువ. మలుపులో ఊపు తగ్గిందంటే మళ్లీ బతిమాలుకోవాలి."

మూడోది హోండా వాళ్ల స్పోర్ట్స్ కారు ఇంజన్. రెండు లీటర్లే, కానీ నిమిషానికి తొమ్మిది వేల చుట్లు తిరుగుతుంది. నాలుగోది నిస్సాన్ టర్బో. అల్యూమినియం దిమ్మె, మంచి బలం. తుప్పు బాబాయి ఒక్కోదాని గుణగణాలు పెళ్లిసంబంధం చెప్పినట్టు చెబుతుంటే, అత్తగారు ఒక్కోదానికీ తల పంకిస్తోంది. అన్నీ నచ్చుతున్నాయి ఆవిడకి. అదే చిక్కు.

కోడలు ఒక టైరు మీద కూలబడింది. "అత్తయ్యా, ఆ కొండ దారి ఒకసారి చెప్పండి. కళ్లు మూసుకుని."

అత్తగారు నిజంగానే కళ్లు మూసుకుంది. చేతులు వాటంతట అవే లేని స్టీరింగును పట్టుకున్నాయి. "మొదట చిన్న ఎత్తు. ఎడమకి వెనక్కి తిరిగే హెయిర్‌పిన్ మలుపు. పొట్టి రోడ్డు. కుడికి ఇంకో హెయిర్‌పిన్. మళ్లీ పొట్టి రోడ్డు. అలా పైదాకా మెలికలే. తిన్నటి రోడ్డు ఎక్కడా లేదు."

"గేరు ఎన్నిసార్లు మార్చేవారు?"

"ప్రతి మలుపుకీ కిందికి, మళ్లీ పైకి." ఆవిడ కళ్లు తెరిచి ఎడమ మోకాలి కేసి చూసుకుంది. "తొమ్మిది వేల చుట్ల పిల్లని ఎప్పుడూ పైనే ఉంచాలి. అంటే గేర్లు ఇంకా ఎక్కువ మార్చాలి. క్లచ్ తొక్కీ తొక్కీ సగం కొండకే ఈ కాలు మొరాయిస్తుంది."

"టర్బో అయితే?"

"మలుపులో కాలు ఎత్తి, మళ్లీ నొక్కి, అది నిద్ర లేచేదాకా ఎదురుచూడాలి. అంత ఓపిక నాకు నా పెళ్లిలోనే లేదు."

అప్పుడు కోడలు లేచి, షెడ్డు చివర వాన నీళ్ల పీపా పక్కన టార్పాలిన్ కూడా నోచుకోని ఒక ఇంజన్ దగ్గరికి వెళ్లింది. వెనక నుంచి లారీ గుద్దిన ఫ్యామిలీ కారులోంచి తీసిన ఇంజన్ అది. ముందు భాగానికి గీత కూడా పడలేదు.

"అది హోండా వాళ్లదే," అన్నాడు తుప్పు బాబాయి నీరసంగా. "రెండు పాయింట్ నాలుగు లీటర్లు. పిల్లల్ని బడికి దింపే కార్లలో వస్తుంది. అందులో ఏముంది?"

"అల్యూమినియం దిమ్మె కాబట్టి తేలిక. లీటర్లు ఎక్కువ కాబట్టి కింది నుంచే లాగుతుంది. రెండో గేరులో పెడితే హెయిర్‌పిన్ నుంచి హెయిర్‌పిన్ దాకా అందులోనే పోవచ్చు. కాలికి పని తగ్గుతుంది."

"ఒసే పిచ్చిదానా, అది సొంత కారులో అడ్డంగా కూర్చుంటుంది. ముందు చక్రాలు తిప్పడానికి పుట్టింది. మీ కారులో నిలువుగా పెట్టాలి, వెనక చక్రాలు తిప్పాలి. గేర్‌బాక్సుకీ దానికీ బోల్టు కన్నాలు కూడా కలవవు."

"కలపడానికి మధ్యలో ప్లేటు చేస్తాను."

అత్తగారు ఆ దుమ్ము కొట్టుకున్న ఇంజన్‌ని ఎగాదిగా చూసింది. ఆరు సిలిండర్ల దాని వైపు ఒక్కసారి ఆశగా వెనక్కి తిరిగింది. తర్వాత తుప్పు బాబాయితో, "ఎక్కించు బండిలోకి," అంది. "నన్ను కూడా పిల్లల్ని బడికి దింపుకోమనే చాలామంది అన్నారు."

*

పాత గేర్‌బాక్సు గట్టిదే కాబట్టి దాన్నే ఉంచుకున్నారు. కోడలు మందపాటి అల్యూమినియం పలక మీద ఒక వైపు ఇంజన్ కన్నాలు, ఇంకో వైపు గేర్‌బాక్సు కన్నాలు గీసి, మిల్లింగ్ మిషన్ మీద కోసింది. కింద నూనె తొట్టి కారు అడ్డబద్దకు తగులుతుంటే, దాన్ని కోసి, లోతు తగ్గించి, వెడల్పు పెంచి మళ్లీ అతికించింది. అత్తగారు బోల్టులు కడిగింది, వైర్లకు రంగు టేపులు చుట్టింది, మధ్యమధ్యలో సలహాలిచ్చి చీవాట్లు తింది. షెడ్డులో కోడలిదే రాజ్యం. అక్కడ అత్తగారు నోరు మూసుకుని పానా అందించాల్సిందే.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ చక్కగా పలికింది. క్లచ్ వదిలేసరికి గేర్‌బాక్సు ఏడుపు లంకించుకుంది. కారంతా జ్వరం వచ్చినట్టు వణికింది.

కోడలికి మొహం మాడిపోయింది. మళ్లీ అంతా విప్పి, డయల్ గేజ్ పెట్టి కొలిచి చూస్తే ఇంజన్ నడిమధ్యకీ గేర్‌బాక్సు ఇరుసుకీ వెంట్రుకవాసి తేడా. కంటికి కనబడదు. తిరిగే ఇనుముకి మాత్రం కనబడుతుంది.

సరిగ్గా అప్పుడే కొడుకు షెడ్డులోకి వచ్చాడు. విప్పిన భాగాలు నేలంతా పరిచి ఉన్నాయి.

"ఇకనైనా ఆపండి," అన్నాడు. "చూశారుగా, అది పెట్టొద్దని కారే చెబుతోంది. అధ్యక్షుడు గారు నిన్న కూడా ఫోన్ చేశారు. వేదిక రెడీ అయింది."

"ఎవర్నడిగి రెడీ చేశారు?" అత్తగారు పానా పక్కన పెట్టింది.

"నేను సరేనన్నాను."

కోడలు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీ షాపులోని అలమారా నేను ఎవరికైనా ఇస్తానని మాటిస్తే ఊరుకుంటారా?"

"అది వేరు. అమ్మకి ఏదైనా అయితే?"

"ఏదైనా అయితే అయింది," అంది అత్తగారు. గొంతు పెంచలేదు. "నాన్నా, నువ్వు నా గురించి భయపడు, కాదనను. రాత్రీ పగలూ భయపడు. కానీ నీ భయాన్ని నాకు కాపలా పెట్టకు. మీ నాన్న మంచాన పడినన్నాళ్లూ ఈ కారు ముట్టుకోలేదు. అది నా ఇష్టంతో చేశాను. ఇప్పుడు ఇదీ నా ఇష్టంతోనే చేస్తున్నాను. ఆ వేదిక మీద ఏ టేబులో కుర్చీయో పెట్టుకోమను."

కొడుకు మొహం ఎర్రబడింది. "నేను ఆ కొండ దగ్గరికి రాను. చూడను," అని విసురుగా వెళ్లిపోయాడు.

ఆ గుమ్మం వైపే చూస్తూ నిలబడిన కోడలి భుజం మీద అత్తగారు తట్టింది. "వాడి సంగతి తర్వాత. కొత్త పలక ఉందా?"

"ఉంది."

"అయితే కొయ్యి."

రెండో ప్లేటు కోడలు ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా చేసింది. గేజ్ ముల్లు కదలకుండా నిలబడేదాకా మళ్లీ మళ్లీ సరిచేసింది. ఈసారి క్లచ్ వదిలితే గేర్‌బాక్సు పిల్లిలా గుర్రుమంది, అంతే. కొత్త ఇంజన్ బలానికి తట్టుకోవాలని గట్టి క్లచ్ కూడా వేసింది. ఆ క్లచ్‌ని లాగే కేబుల్ మాత్రం పాతదే అని అప్పుడు తట్టలేదు.

*

పోటీ రోజు పొద్దున్నే తనిఖీ. అధికారులు బానెట్ ఎత్తి, కిందికి పైకి చూసి, బెల్టులు లాగి, బాగుందన్నారు. అధ్యక్షుడు మాత్రం రూల్సు పుస్తకంతో వచ్చాడు.

"పాత కార్ల తరగతిలో సొంత ఇంజన్ ఉండాలండీ. ఇది మార్చిన ఇంజన్. మీ పేరు తీసేయాల్సి వస్తుంది."

"ఓపెన్ తరగతి ఉందిగా?"

"అందులో అంతా కుర్రకారు. మీరు ఒక పని చెయ్యండి. పోటీ మొదలయ్యే ముందు మీ గౌరవార్థం నెమ్మదిగా ఒకసారి పైకి వెళ్లిరండి. జనం చప్పట్లు కొడతారు."

"నెమ్మదిగా వెళ్లడానికైతే బస్సుంది," అంది అత్తగారు. "ఓపెన్‌లో రాయి."

ఆయన రాశాడు. కావాలనే చివరి నంబరు ఇచ్చాడు. అప్పటికి కార్లన్నీ వెళ్లి రోడ్డు మీద గులకరాళ్లు, నూనె చుక్కలు పడి ఉంటాయి. కోడలు ఏదో అనబోతే అత్తగారు మోచేత్తో పొడిచింది. ఆ పోటీలో పక్క సీట్లో ఒకరు కూర్చోవచ్చు. కోడలు హెల్మెట్ పెట్టుకుని ఎక్కింది.

జెండా ఊగింది. కారు ముందుకు దూకిన తీరుకి కోడలి వీపు సీటుకి అతుక్కుపోయింది. మొదటి ఎత్తు దాటి, ఎడమ హెయిర్‌పిన్‌లోకి అత్తగారు కారుని అడ్డంగా విసిరింది. వెనక భాగం జారుతుండగానే యాక్సిలరేటర్ నొక్కింది. పిల్లల్ని బడికి దింపే ఇంజన్ ఏమాత్రం తడబడకుండా లాగింది. రెండో గేరు. ఇంకో మలుపు. అదే గేరు. అత్తగారు నవ్వుతోంది. హెల్మెట్ లోపల ఆ నవ్వు కోడలికి వినిపించలేదు గానీ, భుజాలు కదలడం కనిపించింది.

కొండ మధ్యలో పెద్ద మలుపు దగ్గర మొదటి గేరుకి దిగుదామని క్లచ్ తొక్కగానే టప్పుమని చప్పుడైంది. అత్తగారి ఎడమ కాలు నేలకి కొట్టుకుంది. క్లచ్ పెడల్ లేవలేదు.

"తెగిందా?" అరిచింది అత్తగారు.

కోడలు కిందికి వంగి పెడల్ చూసింది. పాత కేబుల్! "కేబుల్ తెగిందత్తయ్యా! నా తప్పే! ఆపేద్దామా?"

"గేరులో ఉందిగా! ఎందుకు ఆపడం?"

మరి గేరు మార్చే దారి లేదు. కారుని పైదాకా రెండో గేరులోనే తీసుకెళ్లాలి. మలుపులో బాగా నెమ్మదిస్తే ఇంజన్ ఆగిపోతుంది. పొట్టి రోడ్లలో ఆగకుండా తొక్కితే చుట్లు చూపే ముల్లు ఎర్రగీత దాటి ఇంజన్ అరుస్తుంది. అత్తగారు బ్రేకు ముందుగా వేసి, ఊపు చావకుండా మలుపుల్లో వెడల్పుగా తిప్పింది. ఒక చోట బండరాయి పక్క అద్దానికి గీసుకుంటూ పోయింది. చివరి హెయిర్‌పిన్‌లో ఇంజన్ ముసలివాడు దగ్గినట్టు రెండుసార్లు కుదిపింది. కుదుపు తర్వాత మెల్లగా, మొండిగా, అట్టడుగు నుంచి బలం కూడదీసుకుని అది కారుని పైకి ఈడ్చింది. ముగింపు గీత దాటాక ఆపడానికి క్లచ్ లేదు కాబట్టి అత్తగారు తాళం తిప్పి ఇంజన్ కట్టేసింది. కారు ఒక ఎగురు ఎగిరి నిలబడింది.

తలుపు తీసిన చెయ్యి కొడుకుది. రానన్నవాడు పొద్దుటి నుంచి గీత దగ్గరే నిలబడ్డాడని తర్వాత తెలిసింది. మొహం పాలిపోయి ఉంది.

"నీకేం కాలేదు కదా?"

"మోకాలు మండుతోంది. నీళ్లివ్వు," అంది అత్తగారు.

*

బహుమతుల వేళకి జనం కొండ మీది టెంట్ కింద గుమిగూడారు. ఓపెన్ తరగతిలో మొదటి ముగ్గురినీ పిలిచి కప్పులిచ్చారు. ముగ్గురూ కుర్రవాళ్లే. తర్వాత అధ్యక్షుడు మైకు దగ్గరికి వచ్చి గొంతులో తేనె పోసుకున్నాడు.

"ఇప్పుడొక ప్రత్యేక పురస్కారం. ఈ వయసులో కూడా, ఆడవారై ఉండి కూడా, ఇంత ఉత్సాహంతో పాల్గొన్నందుకు..."

అత్తగారు కుంటుకుంటూ వేదిక ఎక్కింది. ఆయన చేతిలో వెడల్పాటి వెండి పళ్లెం ఉంది. ఆవిడ దాన్ని అందుకోలేదు. మైకు అందుకుంది.

"నేను ఎన్నో స్థానంలో వచ్చాను?"

అధ్యక్షుడు తెల్లబోయాడు. "అంటే... మేము ముగ్గురి వరకే చదువుతామండీ."

"ఇవాళ ఇంకొకటి చదవండి."

"నాలుగో స్థానం," అన్నాడాయన, మైకుకి దూరంగా.

"ఇక్కడ చెప్పండి." ఆవిడ మైకు ఆయన నోటి ముందు పెట్టింది. "పేరూ, స్థానం, తరగతి, ఇంజన్. పాల్గొన్నందుకు నాకేమీ వద్దు. క్లచ్ లేకుండా ఇంతమంది కుర్రవాళ్లని వెనక్కి నెట్టాను. ఆ లెక్కలో నాకు రావలసిన చోటు ఇవ్వండి, చాలు. ఆ పళ్లెం మీరు తీసుకెళ్లి పండ్లు పెట్టుకోండి."

టెంట్ కింద ఎవరో ఈల వేశారు. మూడో స్థానం వచ్చిన కుర్రవాడు కప్పు చంకలో పెట్టుకుని చప్పట్లు మొదలెట్టాడు. అధ్యక్షుడు పళ్లెం రెండు చేతుల్లో మార్చుకున్నాడు. ఎటూ దారి లేకపోయింది. పేరు చదివాడు. ఓపెన్ తరగతి అన్నాడు. నాలుగో స్థానం అన్నాడు. ఇంజన్ దగ్గర ఆగిపోయి కోడలి వైపు చూశాడు.

"హోండా, రెండు పాయింట్ నాలుగు," అంది కోడలు కింద నుంచి, అందరికీ వినబడేట్టు. "ప్లేటు నేను చేశాను. అది కూడా చదవండి."

అది కూడా చదివాడు.

కొండ దిగేటప్పుడు, క్లచ్ లేదు కాబట్టి, కారుని వాలులో దొర్లించి స్టార్ట్ చెయ్యాల్సి వచ్చింది. స్టీరింగ్ ముందు కోడలు కూర్చుంది. అత్తగారు పక్క సీట్లో కాలు చాపుకుంది. కొడుకు వెనక నుంచి చొక్కా తడిసేలా నెట్టి, ఇంజన్ అందుకోగానే పరుగెత్తి వచ్చి వెనక సీట్లోకి దూకాడు.

"ఆ కేబుల్," అన్నాడు రొప్పుతూ, "ఎక్కడ దొరుకుతుంది?"

"దొరకదు," అంది కోడలు. "నేనే చెయ్యాలి."

"నెమ్మదిగా పోనివ్వు. మలుపు వస్తోంది."

"నువ్వు బెల్టు పెట్టుకుని నోరు మూసుకో," అంది అత్తగారు. తర్వాత కోడలి వైపు తిరిగి, "ఇంత నెమ్మదేంటే? తొక్కు," అంది.